మడత నలగని ఎర్ర చలికోటు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. లార్కే కనుమ మీద నా భర్త చలికి బిగుసుకుపోయి చచ్చిపోతాడని. అప్పుడు కూడా అతని బుట్ట అడుగున ఒక ఎర్ర చలికోటు ప్లాస్టిక్ సంచిలో, మడత నలగకుండా, భద్రంగా ఉంటుందని.

సరే, భయం సంగతి చెప్పేశాను. దాన్ని ఒక మూల కూర్చోబెట్టి అసలు విషయానికి వద్దాం. అసలు విషయం ఏమిటంటే, కొండ నడకకు వచ్చేవాళ్లు సామాను గ్రాముల్లో తూచుకోవడం మొదలుపెట్టారు చూడండి, అది మా మాఛాఖోలా ఊరికి దొరికిన వరం.

నవ్వకండి. నేను ఇక్కడి లాడ్జి వంటింట్లో పనిచేస్తాను. పైకి వెళ్లే ప్రతివాడూ మా వాకిట్లోనే సామాను విప్పి మళ్లీ సర్దుతాడు. పప్పు కలుపుతూ కిటికీలోంచి నేను చూసినంత సామాను ఏ కొట్టువాడూ చూసి ఉండడు. ఆ అనుభవంతో చెబుతున్నాను.

పూర్వం ఇలా ఉండేది కాదట. పెద్ద పెద్ద సంచులు వీపున వేసుకుని, అందులో ఏముందో తమకే తెలియకుండా, ఆయాసపడుతూ వచ్చేవాళ్లట. ఎంత అనాగరికం! సంచిలో ఏముందో తెలియనివాడు జీవితంలో ఏం సాధిస్తాడు? ఇప్పటివాళ్లు అలా కాదు. ఇప్పుడు ప్రణాళిక ఉంది. జాబితా ఉంది. త్రాసు ఉంది.

దసరా వెళ్లిన వారానికి బెల్జియం నుంచి రూబెన్ అనే సన్నటి మనిషి ముగ్గురు స్నేహితులతో దిగాడు. ఇరవై రెండు రోజుల నడక. దానికి ఎనిమిది నెలల ప్రణాళిక. నేను అంజిలాను కనడానికి పట్టినదానికంటే ఒక నెల తక్కువే అయినా, నాకంటే చాలా శ్రద్ధగా మోశాడు.

అతని జాబితాలో నలభై మూడు వస్తువులున్నాయి. ఒక్కోదాని పక్కన బరువు. మేజోళ్లు అరవై రెండు గ్రాములు. చెంచా పదిహేను. పళ్లు తోముకునే బ్రష్షు ఎనిమిది. ఎనిమిది ఎలా వచ్చిందనుకున్నారు? పిడి సగానికి కోసేశాడు. చొక్కాల మెడ దగ్గర కుట్టిన చీటీలు కత్తిరించాడు. టీ పొట్లాలకు వేలాడే దారాలు కూడా, నా కళ్లముందే, మా గడప మీద కూర్చుని తెంపాడు. కోసిన బ్రష్షు పిడిని మా అంజిలాకు ఇచ్చాడు. మూడేళ్ల పిల్ల, దానికి అది గరిటె అయింది. ఇప్పుడు దాంతోనే బొమ్మకు సంకటి తినిపిస్తోంది. చూశారా, అప్పుడే ఒక వరం.

“ఎందుకు తమ్ముడూ ఇంత తిప్పలు?” అని అడిగాను.

నాకొచ్చిన లాడ్జి ఇంగ్లీషు, అతనికొచ్చిన నాలుగు నేపాలీ ముక్కలు కలిపి వడ్డించుకుంటే మాకు మాట నడుస్తుంది.

“అక్కా, ఒక్కో గ్రామూ మోకాలికి తెలుస్తుంది” అన్నాడు.

నా మనసు కరిగిపోయింది. మా ఇంట్లో మోకాళ్లు బోలెడున్నాయి గానీ, వాటి గురించి ఇంత ప్రేమగా మాట్లాడినవాడు ఒక్కడు లేడు.

జాబితా పైన అతను పెద్ద అక్షరాలతో ఒక సూత్రం రాసుకున్నాడు. నాకు చదివి వినిపించాడు. “ప్రతి వస్తువునూ నిలదీయి. ఒకే పని చేసేవి రెండుంటే, ఒకటి వదిలెయ్యి.” ఇది నాకు బాగా నచ్చింది. ఎంత నచ్చిందో తర్వాత చెబుతాను.

సర్దడం పూర్తయ్యాక రూబెన్ సంచి తూచితే అయిదు కిలోల నాలుగు వందల గ్రాములు. అందరినీ పిలిచి ఒక్క వేలితో ఎత్తమన్నాడు. నేను ఎత్తాను. మా యజమానురాలు ఎత్తింది. అంజిలా కూడా ఒక మూల పట్టుకుని ఎత్తింది. అందరం చప్పట్లు కొట్టాం. ఇరవై రెండు రోజుల కొండ నడకకు అయిదు కిలోలు! మనిషి తలుచుకుంటే ఏదైనా వదిలించుకోగలడు.

నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. సైన్సు మాస్టారు చివరగా చెప్పిన పాఠం, పదార్థం నశించదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది అని. ఎక్కడికి పోతుందో తర్వాతి పాఠంలో ఉందేమో, ఆ పాఠం నాకు అందలేదు. పెళ్లయ్యాక అందింది. మా ఆయన వీపు మీదికి పోతుంది.

సంచిలోంచి నిలదీసి బయటికి పంపిన వస్తువులన్నీ పక్కనే నాలుగు పెద్ద గుడ్డ మూటల్లోకి చేరాయి. మడత కుర్చీ. కాఫీ కాచే యంత్రం. దానికి గింజలు పొడిచేసే ఇంకో యంత్రం. గాలి ఊదే పరుపు, అది చిరిగితే ఇంకో పరుపు. భోజనానికి కూర్చునే గుడారం. వాటికి జాబితాలో బరువు రాయలేదు. నేను వెతికాను, రెండో పేజీ లేదు. అడిగితే రూబెన్ ఎంతో నిజాయితీగా చెప్పాడు.

“వీపు మీద మోసేదే లెక్క అక్కా. మిగతాది కూలీలు తెస్తారుగా.”

నిజమేగా. కూలీలకు వీపు ఉండదు. మా వాళ్లు నుదుటితో మోస్తారు. డోకో అనే వెదురు బుట్ట వీపున ఆనుతుంది గానీ, పట్టీ మాత్రం నుదుటికే. కాబట్టి రూబెన్ లెక్కలో తప్పు పట్టడానికి లేదు.

ఇక రెండో త్రాసు సంగతి. రూబెన్ త్రాసు అరచేయంత, అంకెలు వెలుగుతాయి, దారప్పోగు వేసినా పలుకుతుంది. కూలీల త్రాసు మా వసారా దూలానికి కొక్కెంతో వేలాడుతుంది. దాని ముల్లు ముప్పై కిలోల దగ్గర ఆగాలని నియమం. కూలీలకు పెద్ద, బుద్ధిమాన్ ఘలే మామ, ఒక్కో బుట్టనూ తగిలించి చూస్తాడు. మా ఆయన బుట్ట తగిలిస్తే ముల్లు ముప్పై నాలుగు దగ్గర ఊగింది. మామ బుట్ట కింద బొటనవేలు ఆనించి కొంచెం ఎత్తాడు.

“చూశారా, ముప్పై” అన్నాడు.

“మామా, ఆ వేలు కూడా మాతో పంపించు, దారంతా తేలిగ్గా ఉంటుంది” అన్నాడు మా ఆయన.

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. మా ఆయన పేరు యామ్ బహదూర్. వయసు ఇరవై ఆరు. నవ్వించడం అతని జబ్బు. కడుపులో నొప్పి వచ్చినా ముందు జోకు వేస్తాడు, తర్వాత మెలికలు తిరుగుతాడు.

ఇప్పుడు చలికోటు దగ్గరికి వద్దాం.

యాత్రలు నడిపే కంపెనీ తన కూలీలకు చలికోట్లు ఇస్తుంది. ఎర్రవి, మెత్తగా ఈకలు కూరినవి, వీపు మీద కంపెనీ పేరు. బయల్దేరే పొద్దున అందరికీ తొడిగి, యాత్రికులను మధ్యలో నిలబెట్టి, ఫొటో తీస్తారు. మా మాఛాఖోలా లోయలో ఉంది, చెమటలు పడతాయి. ఆ ఫొటోలో మా ఆయన ముఖం ఎందుకంత మెరుస్తోందంటే అందుకే. ఫొటో చూసి దేశదేశాలవాళ్లు సంతోషిస్తారట, కూలీలను ఎంత బాగా చూసుకుంటున్నారో అని. నేనూ సంతోషించాను. నా మొగుడు అంత ఎర్రగా మెరవడం పెళ్లిలో కూడా చూడలేదు.

ఫొటో అయ్యాక యాత్రికులు ముందు నడుస్తారు. అప్పుడు మామ చేతులు దులుపుకుని అంటాడు:

“ఊఁ, ఇక విప్పండి. మడత మీద మడత పెట్టండి. దీపావళి తర్వాతి గుంపుకీ ఇవే కోట్లు. నేను వీటిని కళ్లతో చూడను, ముక్కుతో చూస్తా. పొగవాసన వచ్చిందో, తెలుసుగా యామ్ బహదూర్?”

“తెలుసు మామా.”

ఎలా తెలుసంటే, మొన్న వేసవికి ముందు కనుమ కింద సామ్‌దో ఊళ్లో కూలీల పాక దగ్గర నెగడు ముందు కూర్చున్నప్పుడు ఒక నిప్పురవ్వ ఎగిరి అతని కోటు చేతి మీద పడింది. శనగగింజంత కన్నం. అందులోంచి ఈకలు రాలాయి. ఇంటికొచ్చాక నేను ఎర్ర దారం కోసం ఊరంతా తిరిగి, దొరక్క, వంకాయరంగు దారంతో కుట్టాను. మామ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాతి మూడు గుంపుల్లో మా ఆయన పేరు లేదు, అంతే. వానలొచ్చేదాకా నది ఒడ్డున ఇసుక మోశాడు. ఇసుకకి చలికోటు అక్కర్లేదు, అదొక వరం.

కాబట్టి ఇప్పుడు కూలీలందరూ కోటును మడిచి, ప్లాస్టిక్‌లో చుట్టి, బుట్ట అడుగున పెడతారు. కనుమ దాటి అవతల ధారాపానీ ఊళ్లో దిగాక ఇంకో ఫొటో. అప్పుడు తీసి మళ్లీ తొడుక్కుంటారు. ఎంత తెలివైన ఏర్పాటో ఆలోచించండి. వేసుకున్న కోటు మూడేళ్లు మన్నితే గొప్ప. వేసుకోని కోటు ముప్పై ఏళ్లు కొత్తగానే ఉంటుంది. లోపలి మనిషి సంగతంటారా, అతనెలాగూ అంతకాలం కొత్తగా ఉండడు.

ఇక్కడ కొందరు నాతో వాదిస్తారు. ఇదే దారిలో పోయే కంచరగాడిదలకు సాయంత్రం కాగానే గోనె కప్పుతారు కదా, వాటికున్న పాటి మనుషులకు లేదా అని. అయ్యా, కంచరగాడిద ఆ గోనె మీద పొర్లుతుంది, పేడ వేస్తుంది. మడత పెట్టి తిరిగివ్వమని దాన్ని ఎవరూ అడగరు, అడిగినా అది వినదు. మా ఆయన వింటాడు. పెళ్లైన కొత్తలో ఎంత బరువెత్తినా కిక్కురుమనకపోయేసరికి అతనికి నేను ముసలి కంచర అని పేరు పెట్టాను. ఇప్పుడు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది. కంచరకు ఇంకాస్త పంతం ఉంటుంది.

ఇప్పుడు నా ప్రణాళిక.

మీరే ప్రణాళికలు వేసుకుంటే సరిపోతుందా? కూలీ పెళ్లానికి ఉండొద్దా? ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం రూబెన్ సూత్రం నా చెవిలో గింగురుమంటోంది. మా ఆయన సొంత సామాను కుప్ప పోసి నేనూ నిలదీయడం మొదలుపెట్టాను. పళ్లెం ఉండాలి. గిన్నె వద్దు, పళ్లెంలోనే టీ తాగొచ్చు. దుప్పటి ఉండాలి. రెండో జత మేజోళ్లు వద్దు, అవెలాగూ చిరిగాయి. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చదువుకున్నవాళ్లకు జాబితాల మీద అంత మోజు ఎందుకో అప్పుడర్థమైంది.

తర్వాత చేతికి పాత నీలం కోటు వచ్చింది. నాలుగేళ్ల కిందట ఎవరో యాత్రికురాలు దిగివచ్చాక అతనికి ఇచ్చి వెళ్లింది. భుజం దగ్గర చిరుగు, జిప్పు సగమే పడుతుంది. కానీ వెచ్చన. ఎంత వెచ్చనంటే, అంజిలా పుట్టిన చలికాలం దాన్ని కడుపుకి కట్టుకుని నేను అందులోనే బతికాను.

“అది పెట్టవే” అన్నాడు మా ఆయన.

“ఎందుకు? కంపెనీ ఇస్తోందిగా. ఒకే పనికి రెండెందుకు? కిలో పైనే ఉంటుందిది. రూబెన్ సారును చూసి నేర్చుకో. ఇది అంజిలాకి కప్పుతా, దానికి జలుబు.”

“కంపెనీది తొడుక్కోడానిక్కాదే పిచ్చిమొహమా, చూపించడానికి.”

“మరీ చలేస్తే తొడుక్కో. ఎవరొద్దన్నారు?”

అలా నేను మా ఆయన బరువు కిలో తగ్గించాను. రూబెన్ విని ఉంటే చప్పట్లు కొట్టేవాడు.

అది సాయంత్రం మాట. పొద్దున ఫొటో అయ్యాక మామ ముక్కు సంగతి చెప్పాడు కదా. ఆ మాట వినగానే నాకు ఇసుక గుర్తొచ్చింది. వానల్లో అంజిలాకు పాలు లేని వారం గుర్తొచ్చింది. చేతిలో అట్లకాడ అలాగే పట్టుకుని, పిల్లను చంకనేసుకుని, వేలాడే వంతెన దాకా పరుగెత్తాను.

“ఆగు. దీని తల మీద చెయ్యి పెట్టు” అన్నాను.

“ఎందుకే? బుట్టెత్తుకుని ఉన్నా.”

“పెట్టు ముందు. ఆ ఎర్రకోటు వాసన పట్టనివ్వను, మరక పడనివ్వను, వేసుకోను అని ఒట్టెయ్యి.”

అతను చెయ్యి పెట్టాడు. ఒట్టేశాడు. తర్వాత నుదుటి పట్టీ కింద నుంచి నన్ను చూసి నవ్వాడు.

“బాగుందే నీ లెక్క. ఒక కోటు ఇంట్లో, ఒక కోటు సంచిలో. మధ్యలో నేను.”

ఎప్పటిలాగే జోకనుకున్నాను. అట్లకాడతో అదిలించి పంపించాను. పెనం మీద రొట్టె మాడిపోతోందని వెనక్కి పరుగెత్తాను.

రెండు లెక్కలూ విడివిడిగా సరైనవే, చూసుకోండి. ఇంట్లో కోటు వదిలేయడం సరైనదే, కంపెనీ కోటుందిగా. కంపెనీ కోటు వేసుకోకపోవడం సరైనదే, వచ్చే గుంపులో పేరుండాలిగా. రెండూ కలిపి చూడలేదు, అంతే. కలిపే పాఠం బళ్లో మొదటి ఏడాదే చెప్పారు. దానికి ఏడో తరగతి దాకా కూడా పోనక్కర్లేదు.

తొమ్మిదో రోజు సాయిలా తమాంగ్ ఒక్కడే దిగివచ్చాడు. మా ఆయనతో కలిపి వెళ్లిన ఆరుగురు కూలీల్లో ఒకడు. నేను గరిటె పడేసి బయటికి పరుగెత్తాను. అతను మాత్రం తీరిగ్గా పీట లాక్కుని కూర్చుని టీ అడిగాడు.

“ఏం కాలేదు వదినా. తిండి సామాను తగ్గింది, అందుకని నన్ను పంపేశారు.”

ప్రణాళిక అంటే అదీ. బియ్యం తింటే బియ్యం బరువు తగ్గుతుంది, అప్పుడు అందరి బుట్టలూ తేలికవ్వాలి కదా? కాదు. మనిషి తగ్గుతాడు. సాయిలా బుట్టలో మిగిలినవి మిగతా అయిదుగురికి పంచారు. కాఫీగింజలు పొడిచేసే యంత్రం మా ఆయన వంతుకొచ్చిందట.

“ఎక్కడున్నారిప్పుడు?”

“సామగావ్‌లో, కనుమకి ఇవతలే. పైన మంచు పడుతోంది. తగ్గేదాకా ఆగుతారు. రూబెన్ సారు జాబితాలో మంచుకని రెండ్రోజులు ముందే రాసుకున్నాడంట. బుర్రంటే అదీ.”

“అన్న ఎలా ఉన్నాడు?”

“బానే ఉన్నాడు. దగ్గుతున్నాడు.”

“ఏం వేసుకున్నాడు?”

“అదే, పచ్చ స్వెటరు. పైన ప్లాస్టిక్ పట్టా.”

“కోటు?”

సాయిలా టీ గ్లాసు కింద పెట్టి మరీ మెచ్చుకున్నాడు.

“కోటా! దాని గురించి చెప్పాలి వదినా. మేమంతా రెండో రాత్రికే మామ కన్నుగప్పి ఏదో ఒక పూట తొడిగేసుకున్నాం. అన్న మాత్రం సంచి ముడి కూడా విప్పలేదు. మామ అందరికీ చూపించాడు, కంపెనీ సొత్తు కాపాడ్డమంటే ఇదిరా అని. రూబెన్ సారు కూడా అడిగాడు, నీకు చలెయ్యదా అని. అన్న నవ్వాడు. కొండవాళ్లు ఉక్కుముక్కలు అని సారు ఫొటో తీసుకున్నాడు.”

నేను లోపలికి వెళ్లి పప్పు కలిపాను. అప్పటికే ఉడికిపోయిన పప్పు.

మా ఇద్దరికీ కలిపి ఫోను ఒక్కటే. పిల్లకు జ్వరమొస్తే ఎలా అని దాన్ని నా దగ్గరే వదిలి వెళ్లాడు. మామకు ఫోను చేద్దామనుకున్నాను. ఏమని చెప్పను? మా ఆయన్ని కోటు తొడుక్కోమను మామా అనా? అన్నానంటే ఇసుకే. పైకి వెళ్లే కూలీలతో కబురు పంపుదామంటే, వాళ్లందరికీ మామే పెద్ద. ఒకవేళ చెవిలో చెప్పినా, అతను నమ్మడు. పిల్ల తల మీద వేసిన ఒట్టు కదా, పక్కవాడు వచ్చి తీసెయ్యమంటే తీసేస్తాడా? అసలు జోకులేసేవాణ్ని ఎవరూ నమ్మరు, అతనూ ఎవర్నీ నమ్మడు.

అందుకే ఇది మీకు రాస్తున్నాను. బుద్ధిమాన్ మామ పత్రికలు చదవడు. ఆయన చదివేది సామాన్ల జాబితా ఒక్కటే.

మీలో ఎవరో ఒకరు ఈ దారిన వస్తారు. ఇది అచ్చయ్యేసరికి అతను కనుమ దాటేసి ఉంటే మంచిదే. దాటినా, పదిహేను రోజుల్లో మళ్లీ అదే బుట్ట, అదే ఒట్టుతో ఎక్కుతాడు. కాబట్టి మీ జాబితాలో నలభై నాలుగోదిగా ఒకటి రాసుకోండి. దానికి బరువు లేదు, మీ త్రాసు మీద సున్నా చూపిస్తుంది.

కనుమ కింద పచ్చ స్వెటరు వేసుకుని, బుట్టకు పిల్లల ఎర్ర రిబ్బను కట్టుకున్న మనిషి కనిపిస్తే ఆగండి. ఆ రిబ్బను అంజిలాది. బాగున్నావా అని అడగకండి, బాగున్నానంటాడు. చలేస్తోందా అని అడగకండి, నవ్వుతాడు. ఆ నవ్వు చూసి మురిసిపోకండి, ఫొటో అసలే తీయకండి. చేతులు చూడండి. వేళ్లు ముడవగలుగుతున్నాడో లేదో చూడండి. బుట్ట దింపించండి. మీ కుర్చీ, మీ గుడారం, మీ కాఫీ మర పక్కన పెట్టించి అడుగుదాకా చెయ్యి పోనివ్వండి. సంచి తగులుతుంది.

అంజిలా తల మీద ఒట్టును వాళ్లమ్మే తీసి గట్టు మీద పెట్టేసిందని చెప్పండి. నమ్మకపోతే, “తొడుక్కో, ముసలి కంచరా” అనండి. ఆ మాట అతన్ని అనేది లోకంలో నేనొక్కదాన్నే. అది మీ నోట వింటే ఎవరు పంపారో తెలుస్తుంది.

తొడుక్కుని, జిప్పు గొంతుదాకా లాక్కునేవరకు దయచేసి అక్కడే నిలబడండి. మరక పడితే పడనివ్వండి. ఉతికేది నేనే.